నీలం వానకోటు, మూడు తట్టల పురుగులు

నా చిన్నప్పుడు మా పాతపాళ్య వైపు పల్లెల్లో వానకు తొడుక్కునే బట్ట అంటూ వేరే ఏదీ ఉండేది కాదు. గోనెసంచి ఉండేది. దాని ఒక మూలను రెండో మూలలోకి తోస్తే టోపీలాగా తయారయ్యేది. నెత్తిన వేసుకుంటే మిగతాది వీపు మీద వేలాడేది. వాన మా ఇళ్లకు తరచుగా వచ్చే చుట్టం కాదు కాబట్టి అంతకంటే ఎక్కువ ఏర్పాట్లు ఎవరూ చేసుకోలేదు. మా వాన ఎంత పిసినారిదంటే, వాకిట్లో ముగ్గు సగం చెరిపి, మిగతా సగం రేపటికి ఉంచుకుని పోయేది. ఒక ఏడాది చినుకుకూ చినుకుకూ నడుమ ఎంత ఎడం ఉండిందంటే, ఆ సందుల్లో నడుచుకుంటూ తడవకుండా బడికి పోయి వచ్చాను.

ఇవి నేను మా వీధి పిల్లలకు చెప్పే మాటలు. పడి గింజల్లో సోలెడు తాలు కలిపే అలవాటు నాకుందని మావాళ్లందరికీ తెలుసు. యాభై దాటినా ఆ అలవాటు పోలేదు. ఈ ఒక్క సంగతిలో మాత్రం తాలు కలపడం లేదు. అలా కలిపినందుకు ఒకరోజు నా నిజాన్ని నేనే రుజువు చేసుకోవలసి వచ్చింది.

మా ఇంట్లో రేష్మె పురుగులు పెంచేవాళ్లం. ఊరికి అర మైలు దూరంలో బావి కింద మల్బరీ తోట, ఇంటి వెనక పురుగుల ఇల్లు, అందులో పురుగులు పెరిగే వెదురు తట్టలు. పట్టుపురుగు గుడ్డులోంచి బయటపడి గూడు కట్టేలోపల నాలుగుసార్లు తిండి మాని, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. పాత చర్మం విడిచాక మళ్లీ లేస్తుంది. దీన్ని మావాళ్లు జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగుకు ఎంత ఆకు వేసినా చాలదు. రోజుకు ఎన్నోసార్లు తోటకూ ఇంటికీ తిరగాలి. అంత ఆకలిగల పురుగుకు తడి ఆకు మాత్రం పడదు. తింటే కడుపు చెడి, మెత్తబడి, నల్లబడి చచ్చిపోతుంది. ఊరికే చావదు, పక్కవాటికి కూడా అంటించి చస్తుంది. అందుకని మా ఇంట్లో పిల్లలు తడిసి వస్తే తుడుచుకోమనేవాళ్లు, ఆకు తడిసి వస్తే ఇంటిల్లిపాదీ లేచి నిలబడేవాళ్లు.

అంతకు ముందు రెండు పంటలు మా తాత చేతిలో పోయాయి. మూడో పంటను మా చిన్నమ్మ అడిగి తీసుకుంది. చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య. బట్లహళ్ళి దగ్గర పుట్టి పెరిగిన మనిషి, చిన్నప్పటి నుంచి ఈ పనిలోనే చేతులు పెట్టింది. పురుగుల ఇంట్లోకి పోయేముందు కాళ్లూ చేతులూ కడుక్కునేది, తలలో పూలుంటే తీసి బయట గూట్లో పెట్టి పోయేది. ఆ వాసన పురుగులకు గిట్టదని ఆమె నమ్మకం. కోడలు వచ్చి మామ చేతిలో పని అడిగి తీసుకోవడం అప్పట్లో చిన్న సంగతి కాదు. తాత కాదనలేదు కానీ, నేను వింటుండగానే ఒక మాట అన్నాడు.

“ఇదొక్క పంట చూస్తామ్మా. ఇది గూడా పాయనంటే తట్టలన్నీ గూళూరులో ఎవురికన్నా ఇచ్చేస్తా. నువ్వు శెనక్కాయ చేనికి పోదువు.”

చిన్నమ్మ సరే మామా అని తల ఊపింది. చేను పనికి భయపడే మనిషి కాదు. కానీ పురుగుల ఇంట్లో ఉన్నప్పుడు ఆమె ముఖం వేరేగా ఉండేది. పదకొండేళ్ల పిల్లకు కూడా అది కనిపించేది.

నా పని పొద్దున బడికి పోయేముందు ఆమె వెంట తోటకు పోయి ఒక చిన్న తట్ట ఆకు కోసుకు రావడం. పోయిన వానలో గోనెసంచి కింద తడిసి నాకు జలుబు పట్టుకుని పది రోజులు వదలలేదు. ఆకాశం మళ్లీ మబ్బు పట్టడం చూసి చిన్నమ్మ తాతను ఒప్పించింది. పురుగులు గూడు కట్టుకోవడానికి వెదురు చంద్రికలు ఎట్లాగూ చింతామణి నుంచి తేవాలి, పనిలో పనిగా పాపకు ఒక వానకోటు తెస్తానని చెప్పింది. మా ఇంట్లోకి వానకోటు రావడం అదే మొదలు.

చింతామణిలో అంగడాయన రెండు రకాలు తీసి బల్ల మీద వేశాడు. ఒకటి నీలం రంగు కోటు. బయట మెరుపు, లోపల రబ్బరు, ముందర ఇత్తడి రంగు గుండీలు, మెడకు పట్టీ. తొడుక్కుంటే మేకపిల్లను భుజాన వేసుకున్నంత బరువు. రెండోది బూడిద రంగుది. పల్చటిది, గుండీలు లేవు, తల దూర్చి వేసుకోవాలి. మడిస్తే అంగడాయన పిడికిట్లో పట్టింది. విప్పితే ఇద్దరు పట్టేంత వెడల్పు.

“ఈ నీలంది బెంగుళూరు మాలమ్మా. ఇది ఏసుకోని బావిలోకి దిగినా పాప తడవదు,” అన్నాడు అంగడాయన.

“బావిలోకి యాల దిగుతాదప్పా. ఆకు తేవల్ల,” అంది చిన్నమ్మ.

అంగట్లో వేలాడుతున్న ఖాళీ తట్ట ఒకటి దించి నా చంకకు ఇచ్చి, పైనుంచి ఆ బూడిద రంగుది వేసింది. నేనూ తట్టా ఇద్దరమూ దాని కింద పట్టేశాము. అద్దంలో చూసుకున్నాను. నెలలు నిండిన మేకలాగా ఉన్నాను.

“నేను దీన్ని ఏసుకోను చిన్నమ్మా. బడిలో నవ్వుతారు.”

“నవ్వనీ. పురుగులు నవ్వవు గదా.”

నేను అక్కడితో ఊరుకోలేదు. నీలం కోటు అయితేనే ఒంటికి మంచిదని మా మేష్ట్రు చెప్పాడన్నాను. మా మేష్ట్రు జీవితంలో గొడుగు కూడా కొన్నవాడు కాదు. పల్చటిది గాలికి ఎగిరిపోతుందనీ, పోయిన ఏడాది బాగేపల్లి సంతలో ఒక పిల్ల అట్లాగే ఎగిరి చింతచెట్టుకు తగులుకుందనీ చెప్పాను. అంగడాయన నోరు తెరుచుకుని విన్నాడు. చిన్నమ్మ నవ్వు ఆపుకుంటూ నా వంక కాసేపు చూసింది.

“ఏసుకునేది నువ్వు. మొయ్యగలిగితే ఆ నీలందే తీసుకో,” అంది చివరకు.

ఆ వారమంతా వాన లేకపోయినా కోటు తొడుక్కునే బడికి పోయాను. లోపల చెమటతో ఒళ్లంతా తడిసిపోయేది, అయినా గుండీలు విప్పలేదు. ఇంకా ఎందుకు వాన రాలేదని ఎవరో అడిగితే, వచ్చింది కానీ నా కోటు చూసి అనంతపురం వైపు పారిపోయిందని చెప్పాను. ఆ మాట బడి దాటి, వీధి దాటి, మా తాత చెవిన పడింది. అంతకు నెల ముందే మా పురుగులు నా లెక్కల పుస్తకం తినేశాయని మేష్ట్రుకు చెప్పి దొరికిపోయి ఉన్నాను. కాబట్టి తాత ఆశ్చర్యపోలేదు.

పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచిన మూడో రోజు ముసురు పట్టింది. తెల్లవారుజామున పడి ఆగింది. ఎండ రాకపోయినా గాలి తోలడంతో ఆకు మీది తడి ఆరింది. ఆ సందు చూసుకుని చిన్నమ్మా నేనూ తోటకు పోయాము. ఆమె పెద్ద తట్ట, నేను చిన్న తట్ట నింపాము. తిరిగి బయలుదేరుతుండగా మళ్లీ చినుకులు మొదలయ్యాయి. చిన్నమ్మ తన నెత్తి మీది గోనెసంచి తీసి రెండు మడతలు పెట్టి తన తట్ట మీద కప్పింది. ఆమె తల, రవిక, చీర అన్నీ తడుస్తున్నాయి. నా తట్టకు కప్పడానికి ఇంకో సంచి లేదు.

“నీ తట్టని కోటు కింద పెట్టుకో పాపా,” అంది.

కోటు గుండీలు పెట్టుకుంటే నాకే బిగువు. తట్ట లోపల పట్టే మాటే లేదు. చంకన పెట్టుకుని, చెయ్యి దాని మీదుగా వేసి, చెయ్యి అడ్డం ఉంది కదా అనుకున్నాను. నా ముఖం మీద తప్ప ఎక్కడా చినుకు తగలలేదు. దారి పొడుగునా నేను చూసుకున్నది నా గుండీలనే. ఆమెది బరువు తట్ట కాబట్టి వెనకబడింది. నేను ముందు పోతుంటే వెనక నుంచి కేకేసింది.

“ఆకు గోనెపట్ట మీద పరిచి పెట్టు. నేనొచ్చి చెయ్యి పెట్టి చూసినాక ఏద్దాము.”

ఇల్లు చేరేసరికి బడికి వేళ మించిపోతోంది. నేను తడవలేదు, నేను పట్టుకున్న ఆకు ఎట్లా తడుస్తుంది అనుకున్నాను. గోనెపట్ట మీద పరచలేదు. నేరుగా పురుగుల ఇంట్లోకి పోయి, అందుబాటులో ఉన్న మూడు తట్టల పురుగుల మీద ఆకు వేసేశాను. అవి వెంటనే తినడం మొదలుపెట్టాయి. పని తెమిలించేసినందుకు చిన్నమ్మ మెచ్చుకుంటుందని గడపలో నిలబడ్డాను.

చిన్నమ్మ వచ్చింది, నా ఖాళీ తట్ట చూసింది. తట్ట అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆమె పురుగుల ఇంట్లోకి పోయి మొదటి తట్టలో ఆకు పట్టుకుని చూసింది. వేళ్ల నుంచి నీళ్లు కారాయి.

ఆ పూట నేను బడికి పోలేదు. తడి ఆకు మీద ఉన్న పురుగులను ఒక్కొక్కటే వేలితో తీసి, వేరే తట్టల్లో పొడి కాగితం పరిచి వేశాము. నేను తొందరపడి గట్టిగా పట్టుకుంటే, పువ్వును పట్టుకున్నట్టు పట్టుకోమని రెండుసార్లు చెప్పింది, అంతే. పైన సున్నం పొడి పల్చగా చల్లింది, తడి పీల్చడానికి. నిన్నటి ఆకు కొంచెం మిగిలి ఉంటే అది వేసింది. మూడు తట్టల పని అయ్యేసరికి ఆమె చీర ఒంటి మీదే ఆరిపోయింది. అన్నిటికంటే ఎక్కువ నన్ను బాధపెట్టింది అదే. ఆమె తడిసి ఆరేంతసేపు అయినా, నేను ఇంకా కోటులోనే ఉన్నాను.

అప్పుడు తాత వచ్చాడు. గడపలో నిలబడి సున్నం చూశాడు, కొత్త తట్టలు చూశాడు, పక్కన కుప్పగా పడేసిన తడి ఆకు చూశాడు. అడగాల్సిన పనే లేదు, అయినా అడిగాడు.

“ఎవురు ఏసినారమ్మా తడి ఆకు?”

“నేనే మామా. తొందరలో చూసుకోకుండా ఏస్తి,” అంది చిన్నమ్మ, చేతిలో పురుగును కింద పెడుతూ.

తాత తల పంకించాడు. కోపం లేదు, అది ఇంకా కష్టంగా ఉండింది. “సరేలే. నీ చేతిలో గూడా ఇంతే. ఈ పంట అయినాక ఇచ్చేస్తాము తట్టలు,” అని వెనక్కి తిరిగాడు.

“నేనే ఏసినా తాతా,” అన్నాను.

ఆయన ఆగాడు కానీ నా వైపు తిరగలేదు. “నువ్వు ఊరుకో. మీ చిన్నమ్మ మీద నీకు ప్రేమ, తెలుసు నాకు.”

“నిజం తాతా. నా తట్టలో ఆకే.”

“నీ మీద ఒక చినుకు పడలేదు, కోటేసుకోని నిగనిగలాడతాండావు. మీ చిన్నమ్మ తడిసి ముద్దయి వచ్చేది వీధిలోనే చూస్తిని. తడి ఆకు నీ తట్టలోది ఎట్లవుతాది?” అప్పుడు తిరిగాడు. “పురుగులు లెక్కల పుస్తకం తినె. వాన అనంతపురం పారిపాయ. ఇప్పుడు ఇదొకటి.”

అప్పటి దాకా నేను చెప్పిన ఏ అబద్ధానికీ సాక్ష్యం కావలసి రాలేదు, అందరూ నవ్వి ఊరుకునేవాళ్లు. నా మొదటి నిజానికి సాక్ష్యం అడుగుతున్నారు. చిన్నమ్మ వంక చూశాను. ఆమె నా వంక చూడలేదు. కానీ గడప దగ్గర కాళ్లు కడుక్కునే నీళ్ల బిందెను కాలితో కొంచెం ముందుకు జరిపింది. అది కావాలని జరిపిందో, దారికి అడ్డమని జరిపిందో నాకు ఈనాటికీ తెలియదు. అడిగితే నవ్వేది.

నేను ఖాళీ తట్టలో నిన్నటి పొడి ఆకులో ఇంకా మిగిలిన నాలుగు పిడికెళ్లు వేసుకుని వాకిట్లోకి పోయాను. చినుకులు ఆగి ఉన్నాయి. తట్ట చంకన పెట్టుకుని, దారిలో ఎట్లా పట్టుకున్నానో అట్లాగే చెయ్యి పైనుంచి వేశాను.

“నీళ్లు పొయ్యి తాతా.”

తాతకు ఇది కూడా నా వేషాల్లో ఒకటి అనిపించి ఉంటుంది. అయినా చెంబుతో నా భుజం మీద పోశాడు. నీళ్లు నీలం కోటు మీద ఒక్క చుక్క నిలవకుండా జారాయి. భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి ముంజేతికి, అక్కడ చేతి అంచు నుంచి ధారగా తట్టలోకి. గోనెసంచి అయితే కొంత నీళ్లు తాగేది. ఆ కోటు ఒక్క చుక్క తాగలేదు. నా మీద పడిందంతా పోగుచేసి ఆకు మీద పోసింది. తాత వంగి తట్టలో చెయ్యి పెట్టి చూశాడు. ఇంకో చెంబు పోశాడు. మూడోది కూడా పోశాడు. అది చూడడానికి కాదని నాకు అనుమానం.

“అబద్ధం అయితే నాలుకతో చెప్తివి. నిజం చెప్పేదానికి బిందెడు నీళ్లు కావల్సి వచ్చె,” అన్నాడు. తర్వాత చిన్నమ్మ వైపు తిరిగాడు. “నువ్వు యాలమ్మా నీ నెత్తిన ఏసుకుంటివి?”

“కోటు కొనిచ్చింది నేనే గదా మామా.”

తాత చెంబు బోర్లించి బిందె మీద పెట్టాడు. “తట్టలు ఉండనీలే,” అని పోయాడు. అంతే. ఆ మాట తర్వాత తట్టలు ఇచ్చేసే సంగతి ఆ ఇంట్లో ఇంకెవరూ ఎత్తలేదు. చిన్నమ్మకు ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ ఆమెదే ఆ పని.

మూడు తట్టల్లో సగం పురుగులు నిలిచాయి, సగం పోయాయి. పోయినవాటిని రోజూ నేనే ఏరి గుంట తీసి పూడ్చాను. ఆ పని నాకు ఎవరూ చెప్పలేదు. మిగతా తట్టల్లోవన్నీ చంద్రికలకు ఎక్కి గూళ్లు కట్టాయి. గొప్ప పంట అని చెప్పను కానీ, పంట అనదగిన పంట.

పురుగులు గూళ్లు కట్టుకుంటున్న ఆ నాలుగు రోజుల తీరికలో చిన్నమ్మ నీలం కోటును కత్తిరించింది. నేను పక్కనే కూర్చుని ఏడ్చాను. వెనక భాగమంతా గుండ్రంగా తీసి, అంచుకు తాడు కుట్టి, పెద్ద తట్టకు మూత చేసింది. దాని మీద పడిన వాన తట్ట చుట్టూ నేల మీదికి జారిపోయేది. కుడుతూ నాతో ఒకటే మాట అంది, తిట్టినట్టు కాదు, సూదిలో దారం ఎక్కిస్తూ మామూలుగా.

“కోటు నిన్ను తడవనీలేదు పాపా, దాని పని అది చేసింది. ఆ నీళ్లు యాడికి పోతాండాయో నువ్వు చూసుకోవల్ల.”

ఆ తర్వాత ఎన్నో రకాల వానకోట్లు చూశాను. ఇప్పుడు చిక్కబళ్లాపురంలో ఉంటున్నాను. మా అమ్మాయి స్కూటరు మీద పనికి పోతుంది, ఆదివారం వస్తే స్నేహితులతో కొండలు ఎక్కుతుంది. పోయిన నెల రెండిటికీ పనికొచ్చే తేలికపాటి రెయిన్ జాకెట్ కావాలంది. అంగట్లో ఆయన నారింజ రంగుది చూపించి దాని గొప్పలన్నీ చెప్పాడు. కుట్ల మీద లోపల పట్టీ వేశారట, చంకల కింద గాలి తగలడానికి జిప్పులు పెట్టారట, మడిస్తే దాని జేబులోనే అది పడుతుందట. అన్నీ మంచివే. చంకల కింద గాలి ఎంత అవసరమో వారం రోజులు రబ్బరులో ఉడికిన నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

“దీని మీద పడిన నీళ్లు యాడికి పోతాయప్పా?” అని అడిగాను.

“కిందికి పోతాయి మేడం.”

“కింద ఎవరుండారు?”

ఆయన మా అమ్మాయి వంక చూశాడు. అమ్మాయి పైకప్పు వంక చూసింది. నేను సంచిలోంచి నీళ్ల సీసా తీశాను.

అంగడి మెట్ల మీద నిలబెట్టి, ఆమె రోజూ వేసుకునే లాప్‌టాప్ బ్యాగు భుజానికి తగిలించి, పైనుంచి పోశాను. నారింజ రంగుది నడుము దగ్గరే ఆగిపోయింది. నీళ్లన్నీ నేరుగా బ్యాగు మీదా తొడల మీదా పడ్డాయి. రెండోది పొడుగ్గా ఉంది కానీ చేతుల అంచులు వదులు. స్కూటరు హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు పెట్టమంటే మోచేతి దాకా లోపలికి నీళ్లు పోయాయి. మూడోది బూడిద రంగుది, అందంలో చెప్పుకోవడానికి ఏమీ లేదు. వెనక కొంచెం పొడుగు, చేతుల దగ్గర బిగించుకునే పట్టీలు, బ్యాగు మీద నుంచి వేసుకున్నా జిప్పు పడేంత వెడల్పు. తలకు వేసుకునే టోపీ ఆమె తల తిప్పితే తనూ తిరిగింది, కళ్ల మీదికి రాలేదు. దాన్నే తీసుకున్నాము. మెట్లు తడిపినందుకు నేనే తుడిచిపెట్టాను.

“అమ్మా, ఇంకోసారి నీతో రాను,” అంది అమ్మాయి స్కూటరు ఎక్కుతూ.

రానంటే రాకపోనీ. కథలు చెప్పడం మానలేకపోయాను, ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ చిన్నమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ అన్న మాట మాత్రం ఏ అంగడికి పోయినా, ఏ పొరపాటు చేసినా నాకు ముందు గుర్తొస్తుంది. నా ఒంటి మీద వాన పడకుండా చూసుకోవడం సగం పనే. నా మీద నుంచి జారినవి ఎవరి తట్టలో పడుతున్నాయో తిరిగి చూసుకోవడం మిగతా సగం.